పుట్టింటి దేవతల కొండల్లో చైత్రమాసం

మొదటి రోజు: కాఠ్‌గోదాం నుంచి అల్మోరాకు

కాఠ్‌గోదాంతో రైలు పట్టాలు అయిపోయి కొండదారి మొదలవుతుంది. ఉత్తరాఖండ్ అనగానే మనవాళ్లకు వేసవిలో మొదలయ్యే చార్‌ధామ్ యాత్ర గుర్తుకు వస్తుంది. నేను చూడదలచుకున్నది మాత్రం ఆ కొండల్లోని కుమావూన్, గఢ్వాల్ ప్రాంతాల్లో తరతరాలుగా కాపురముంటున్న కుమావునీ, గఢ్వాలీ ప్రజలు తమ గడపల దగ్గర, పొలాల గట్ల మీద, ఊరి పొలిమేరల్లో కొలుచుకునే దేవతలను, ఆ దేవతల చుట్టూ అల్లుకున్న కథలను. అందుకు మార్చి నడిమి రోజులు అనువైనవి. మన చైత్రం చాంద్రమానం లెక్కన ఉగాదితో మొదలైతే, వాళ్ల చైత్రం సూర్యుడు మీనరాశిలో ప్రవేశించిన రోజున, అంటే మార్చి 14నో 15నో మొదలవుతుంది. ఆ నెలంతా అక్కడ ఆడపడుచులది.

భవాలీ దాటేసరికి వాలుల మీద బురాంశ్ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. అక్కడి నుంచి దారి కిందికి దిగి, కోసీ నదిని పట్టుకుని మళ్లీ పైకి ఎక్కి అల్మోరా చేరుతుంది. 16వ శతాబ్దంలో చంద్ వంశపు రాజులు చంపావత్ నుంచి తమ రాజధానిని ఈ ఊరికి మార్చారు. నాపరాళ్లు పరిచిన పాత బజారులో, చెక్కడపు పని ఉన్న కొయ్య ద్వారాల కింద, దుకాణాలన్నీ ఒకే హడావిడిలో ఉన్నాయి. చీరలు, గాజులు, చక్కెర గుళ్లు అద్దిన బాల్ మిఠాయి పెట్టెలు కొంటున్నవారిలో ఎక్కువమంది మగవాళ్లే. అక్కచెల్లెళ్లకు భిటౌలీ, అంటే పుట్టింటి సారె, పట్టుకెళ్లే రోజులు వచ్చాయని దుకాణదారు చెప్పాడు.

రెండో రోజు: ఫూల్ దేయి, పూల పండుగ

తెల్లవారకముందే నేను దిగిన ఇంటి పెద్దావిడ గడపను అలికి, జేగురు పూసి, దాని మీద నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండితో ఐపణ్ వేయడం మొదలుపెట్టింది. ఆ పిండిని అక్కడ బిస్వార్ అంటారు. ఆవిడ కుడిచేతి వేళ్ల కొసలను పిండిలో ముంచి, చెయ్యి పైకెత్తకుండా సన్నని గీతలు లాగుతుంటే, తడిముగ్గు వేసే మా అమ్మమ్మ చెయ్యి చూసినట్టే ఉంది. మన ముగ్గు వాకిట్లో పడుతుంది, ఐపణ్ గడప మీద, పూజ పీట మీద, దేవుడి గోడ మీద పడుతుంది. సరస్వతికి ఒక చౌకీ, లక్ష్మికి పాదాలు, పెళ్లికి ఒకటి, నామకరణానికి ఒకటి, ఇలా ఏ సందర్భానికి వేయాల్సిన ఆకృతి దానికే ఉంది. 2021లో ఐపణ్ కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు అది సంచుల మీదా గోడ పటాల మీదా కూడా కనిపిస్తోంది. దానివల్ల కొందరు అమ్మాయిలకు నాలుగు డబ్బులు వస్తున్నాయి కాబట్టి నాకు అది సంతోషమే.

పిండి ఆరకముందే పిల్లలు వచ్చారు. చేతి బుట్టల్లో పసుపు పచ్చని ప్యోలీ పూలు, బురాంశ్ రేకలు, ఆవ పూలు, బాదం చెట్టు పూలు ఉన్నాయి. గడప మీద గుప్పెడు పూలు చల్లి, ‘ఫూల్ దేయి, ఛమ్మా దేయి, దైణీ ద్వార్, భర్ భకార్’ అని పాడారు. ఈ గడప పూలతో నిండాలి, ఈ ఇల్లు చల్లగా ఉండాలి, ఈ ఇంటి ధాన్యపు పెట్టె నిండుగా ఉండాలి అని వాళ్ల దీవెన. దీవించేది పిల్లలు, దీవెన అందుకునేది పెద్దలు. పెద్దావిడ ఒక్కొక్క బుట్టలో పిడికెడు బియ్యం, బెల్లం ముక్క, ఒక నాణెం వేసింది. ఆ బియ్యాన్ని పిండి పట్టించి బెల్లంతో తీపి వండి పిల్లలకే పెడతారు. గఢ్వాల్‌లో చాలా ఊళ్లలో ఈ పూల పండుగ ఒక్కరోజుతో అయిపోకుండా రోజుల తరబడి సాగుతుంది.

ఆ ప్యోలీ పువ్వుకు ఒక కథ ఉంది. ప్యోలీ అడవిలో చెట్లతో, జంతువులతో పెరిగిన పిల్ల. ఆమెను ఒక రాకుమారుడు పెళ్లాడి మైదానపు రాజభవనానికి తీసుకుపోయాడు. కొండల మీద బెంగతో ఆమె చిక్కి శల్యమై చనిపోతే, చివరి కోరిక ప్రకారం కొండ వాలులోనే సమాధి చేశారు. అక్కడ మొలిచిన పసుపు పువ్వే ప్యోలీ అంటారు. చైత్రంలో ఇక్కడ ఏ కథ విన్నా అందులో పుట్టింటి కోసం తపించే ఒక ఆడపిల్ల ఉంటుంది.

మధ్యాహ్నం ఎండలో కూర్చున్నప్పుడు పెద్దావిడ నన్ను అడిగింది.

“బేటీ, నీ భిటౌలీ వచ్చిందా?”

“మా వైపు ఆ ఆచారం లేదు ఆమా. పండగలకు పుట్టింటికి పిలిచి చీర పెట్టి పంపుతారు.”

“పిలిస్తే నువ్వు వెళ్లాలి. భిటౌలీ అయితే నీ గడపకే వస్తుంది. అత్తవారు పంపినా పంపకపోయినా నీకు అన్న మొహం కనబడుతుంది” అన్నది ఆమా.

తరువాత ఘుఘుతీ పిట్ట కథ చెప్పింది. ఒక అన్న చెల్లెలికి భిటౌలీ మోసుకుని దూరపు కొండ దాటి వచ్చేసరికి, ఆమె పనితో అలసిపోయి గాఢనిద్రలో ఉందట. మర్నాడు శనివారం, ప్రయాణానికి మంచిది కాదు. చెల్లెలిని లేపడానికి మనసొప్పక, తెచ్చిన మూట ఆమె పక్కనే పెట్టి, పచ్చి మంచినీళ్లయినా తాగకుండా తిరిగి వెళ్లిపోయాడు. మెలకువ వచ్చి మూటను చూసిన చెల్లెలు ‘భై భూకో, మై సితీ’, అంటే అన్నేమో ఆకలితో వెళ్లాడు, నేనేమో నిద్రపోయాను అని ఏడ్చి ఏడ్చి ప్రాణం విడిచి, ఘుఘుతీ అనే గువ్వగా పుట్టిందట. చైత్రంలో ఆ గువ్వ కూత అదే మాట పలుకుతుందని ఇక్కడి ఆడవాళ్లందరి నమ్మకం. ఈ మధ్య చాలామంది అన్నదమ్ములు భిటౌలీ డబ్బును ఫోన్‌లోనే పంపిస్తున్నారని ఆమా చెప్పింది. తన తమ్ముడు మాత్రం ఈ ఏడు కూడా స్వయంగా వస్తాడని రెండుసార్లు అన్నది.

మూడో రోజు: చితయీలో దేవుడి కోర్టు

అల్మోరాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, పిథౌరాగఢ్ వెళ్లే దారిలో చితయీ గోలూ దేవత గుడి ఉంది. దారి పొడవునా, పైకప్పు దూలాలకు, చెట్లకు, ఇనుప కమ్మీలకు గంటలే. వేలి గోరంత గంట నుంచి ఇద్దరు మోయలేనంత గంట వరకు వేల సంఖ్యలో వేలాడుతున్నాయి. గంటల మధ్య దారాలతో కట్టిన కాగితాలు ఉంటాయి. అవి గోలూకు పెట్టుకున్న అర్జీలు. కొందరు మామూలు కాగితం మీద రాస్తారు, కొందరు కోర్టుకు ఇచ్చినట్టే స్టాంపు పేపరు మీద రాయించి సంతకం పెడతారు. కోరిక తీరినవాళ్లు గంట తెచ్చి కడతారు.

గాలికి నా వైపు తిరిగిన ఒక కాగితాన్ని చదివాను. గుండ్రటి చేతిరాతతో, తేదీతో, ఊరి పేరుతో, వాది ఎవరో ప్రతివాది ఎవరో విడివిడిగా రాసి ఉంది. భర్త చనిపోయిన తరువాత పొలంలో తన వాటా మరిది ఇవ్వడం లేదనీ, పట్వారీ దగ్గరికి వెళ్లినా పని జరగలేదనీ, ఇక ‘న్యాయ్ దేవతా’ మీదే భారం వేశాననీ ఆ ఇల్లాలు రాసుకుంది. చివర నలుగురు పిల్లల పేర్లు సాక్షుల్లాగా ఉన్నాయి. మిగతావి చదవకుండా ముందుకు నడిచాను.

గోలూ న్యాయదేవుడు కావడానికి కారణం అతని పుట్టుకలోనే ఉంది. చంపావత్‌ను ఏలిన ఝాల్‌రాయ్ రాజుకు పిల్లలు లేరు. అప్పటికే ఏడుగురు రాణులున్న ఆయన కాళింకను పెళ్లాడాడు. ఆమె నెలలు నిండి కంటుండగా సవతులు ఆమె కళ్లకు గంతలు కట్టి, పుట్టిన బిడ్డను మాయం చేసి, ‘నీకు రాయి పుట్టింది’ అని సన్నికల్లు చూపించారు. బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలేస్తే, ఒక జాలరి వలకు చిక్కి అతని ఇంట పెరిగాడు. కాస్త పెద్దయ్యాక ఆ పిల్లవాడు తన కొయ్యగుర్రాన్ని రాణులు నీళ్లు పట్టే రేవుకే తోలుకొచ్చి, “పక్కకు జరగండి, నా గుర్రం నీళ్లు తాగాలి” అన్నాడు. కొయ్యగుర్రం నీళ్లెలా తాగుతుందని రాణులు నవ్వితే, “ఆడమనిషికి రాయి పుట్టినప్పుడు కొయ్యగుర్రం నీళ్లు తాగదా?” అని అడిగాడు. ఆ మాట రాజు చెవిన పడి నిజం బయటపడింది. తల్లికి జరిగిన అన్యాయాన్ని పసితనంలోనే తేల్చిన ఆ బాలుడే తెల్ల గుర్రమెక్కి ఊరూరా తిరిగి తీర్పులు చెప్పిన రాజై, చివరకు దేవుడయ్యాడు. కుమావూన్‌లో అతని గుళ్లలో చంపావత్, ఘోడాఖాల్, చితయీ ప్రసిద్ధమైనవి. కోర్టు ఖర్చు భరించలేనివారికి ఈ గుడే తుది అప్పీలు. నేను చూసిన అర్జీల్లో అడిగినది వరం కాదు, రావలసిన వాటా.

అదే రాత్రి: జాగర్

ఆ రోజు సాయంత్రం దగ్గరి పల్లెలో ఒక ఇంట జాగర్ ఉందని తెలిసి, అనుమతి తీసుకుని వెళ్లాను. ఫోటోలు తీయకూడదన్నది వాళ్ల షరతు. ఢిల్లీలో ఉద్యోగాలు చేసుకునే అన్నదమ్ములు తమ ఇంట్లో వరుసగా వస్తున్న కష్టాలకు కారణం అడగడానికి సెలవు పెట్టి వచ్చారు.

జాగర్ అంటే పాటతో, వాద్యంతో దేవతను మేల్కొలిపి మనిషి ఒంటి మీదికి పిలవడం. పాడేవాడు జగరియా, దేవత పూనేవాడు డంగరియా. మొదట సంధ్యావందనం. జగరియా హుడ్కా అనే, నడుము దగ్గర సన్నగా ఉండే చిన్న డోలును వాయిస్తూ సకల దేవతలను దీపం దగ్గరికి పిలిచాడు. పక్కనున్న మనిషి కంచు పళ్లాన్ని కర్రపుల్లలతో మోగించాడు. తరువాత బిర్త్వాయి, అంటే ఆ దేవత పుట్టుక, పడిన కష్టాలు, గెలుపు, కథగా పాడడం. ఆ రాత్రి పిలిచినది గంగనాథ్‌ను. అతను నేపాల్ వైపు డోటీ రాజ్యపు యువరాజు. అల్మోరా ప్రాంతపు భానా అనే ఇల్లాలిని ప్రేమించి జోగి వేషంలో వచ్చినవాడు. ఇద్దరినీ చంపేశారు, ఆమె కడుపులోని బిడ్డ కూడా దక్కలేదు. హతులైన ఆ ముగ్గురి ఆగ్రహానికి భయపడి కట్టిన గుళ్లలోనే తరువాత దిక్కులేనివారు మొర పెట్టుకోసాగారు.

కథ హత్య దగ్గరికి వచ్చేసరికి హుడ్కా లయ వేగం పుంజుకుంది. దాన్ని ఔసాణ్ అంటారు. డంగరియా భుజాలు అదిరాయి. పక్కింట్లో పాలు పోసే పెద్దమనిషి అని సాయంత్రం నాకు పరిచయం చేసినవాడు ఇప్పుడు గొంతు మారి, ధుని అనే అగ్నిగుండం దగ్గరి బూడిదను నుదుట పూసుకుని, ఇంటి యజమానిని పేరు పెట్టి పిలిచాడు. వాళ్లు ఇచ్చిన బియ్యపు గింజలను అరచేతిలో తిప్పి చూసి ప్రశ్నలు వేశాడు. ముసలి మేనత్తకు ఇస్తానన్న ఇల్లు ఎందుకు ఇవ్వలేదని అడిగాడు. అన్నదమ్ములు తలలు వంచుకున్నారు. చాలాసేపటికి పెద్దవాడు అందరి ఎదుట ఇస్తానని మాట ఇచ్చాడు. విభూతి పెట్టి, ఆశీర్వదించి, దేవతను హిమాలయానికి సాగనంపేసరికి తెల్లవారుజాము అయింది. దీన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చేవారు ఒక్కసారి ఆ గదిలో కూర్చోవాలి. ఏళ్ల తరబడి ఎవరూ నోరెత్తని విషయాన్ని ఇల్లంతా ఒకచోట చేరి మాట్లాడుకునేలా చేసిన ఏర్పాటు అది. పట్టణాలకు వలసపోయినవారిని ఇప్పటికీ ఊరికి రప్పిస్తున్నది కూడా ఇదే.

నాలుగో రోజు: బాగేశ్వర్

కౌసానీ, బైజ్‌నాథ్ మీదుగా సరయూ, గోమతి నదులు కలిసే బాగేశ్వర్ చేరాను. మకర సంక్రాంతికి ఇక్కడ ఉత్తరాయణీ మేళా జరుగుతుంది. ఆ మర్నాటి ఉదయం పిల్లలు పిండితో చేసి వేయించిన ఘుఘుతే దండలు మెడలో వేసుకుని ‘కాలే కౌవా’ అని కాకులను పిలిచి తినిపిస్తారు. 1921 జనవరిలో ఆ మేళాలోనే బద్రీదత్ పాండే, హరగోవింద్ పంత్ ప్రభృతుల నాయకత్వంలో జనం కూలీ బేగార్‌ను తిరస్కరించారు. దొరల సామాన్లు జీతం లేకుండా మోయవలసినవారి పేర్లు రాసి ఉన్న రిజిస్టర్లను సరయూలో పారేశారు. సరయూ నీళ్లు చేతిలోకి తీసుకుని, అక్కడి శివుడైన బాగ్‌నాథుడి సాక్షిగా ఇక బేగార్ చేయమని ఒట్టు పెట్టుకున్నారు. నదిలో దిగి పెట్టిన ఒట్టు తప్పితే ఇంటి దేవత ఊరుకోదని తెలిసిన జనం కనుక, ఏ పోలీసు బెదిరింపూ ఆ ఒట్టును తప్పించలేకపోయింది.

ఐదో రోజు: గ్వాల్దం మీదుగా వాణ్

కుమావూన్ ముగిసి గఢ్వాల్ మొదలయ్యే చోట గ్వాల్దం ఉంది. పెళ్లిరోజున వధువు తన పుట్టింటి పెరట్లో ఒక మొక్క నాటి వెళ్లే ‘మైతీ’ పద్ధతి 1995లో ఇక్కడే మొదలైంది. మొదలుపెట్టిన ఉపాధ్యాయుడు కల్యాణ్ సింగ్ రావత్‌కు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. కూతురు అత్తవారింటికి వెళ్లాక ఆ మొక్కకు నీళ్లు పోసేది తల్లి.

అక్కడి నుంచి థరాలీ, దేవాల్, లోహాజంగ్ మీదుగా రోడ్డు చివరనున్న వాణ్ గ్రామానికి చేరేసరికి చీకటి పడింది. రాత్రి భోజనం రాగి రొట్టె, ఉలవల పప్పు. వాటిని అక్కడ మండువా, గహత్ అంటారు.

వాణ్ గురించి చెప్పాలంటే ముందు నందాదేవి గురించి చెప్పాలి. నందాదేవి పార్వతి. కానీ గఢ్వాలీలకు ఆమె ముందు తమ ఊరి ఆడపిల్ల, తరువాతే దేవత. కర్ణప్రయాగ దగ్గరి నౌటీ గ్రామం నుంచి ఆమెను కైలాసానికి, అత్తవారింటికి సాగనంపే నందాదేవి రాజజాత్ పన్నెండేళ్లకు ఒకసారి జరగాలన్నది సంప్రదాయం. ఆచరణలో ఈ మధ్య 1987, 2000, 2014 సంవత్సరాల్లో జరిగింది. దాదాపు 280 కిలోమీటర్ల ఆ నడకకు ముందు నడిచేది నాలుగు కొమ్ముల గొర్రెపోతు. దాని వీపు మీది సంచుల్లో ఊరూరి ఆడవాళ్లు చీరలు, గాజులు, తినుబండారాలు సర్దుతారు. చివరికి హోమ్‌కుండ్‌లో దాన్ని ఒంటరిగా మంచుకొండల వైపు వదిలేస్తారు. 2014 యాత్ర తమ ఊరు దాటిన రోజు తాను ఎంత ఏడ్చిందీ వాణ్‌లో మాకు అన్నం పెట్టిన దీదీ చెప్పింది. “నా పెళ్లినాడు అంత ఏడవలేదు. నంద వెళ్తున్నప్పుడు అమ్మలాగా ఏడ్చాను” అన్నది.

వాణ్‌లో ఉన్నది నంద సోదరుడు లాటూ దేవత. చెల్లెలి వెంట బయలుదేరిన లాటూకు ఈ ఊళ్లో దాహమైతే ఒక ఇంట రెండు కుండలు కనబడ్డాయి. నీళ్లనుకుని సారా తాగి, పడి, నాలుక తెగి మూగవాడయ్యాడు. నంద అతన్ని ఇక్కడే కొలువుండమనీ, ఇక మీదట తన యాత్రకు ఇక్కడి నుంచి దారి చూపమనీ చెప్పింది. పెద్ద దేవదారు కింద ఉన్న ఆ చిన్న గుడి వైశాఖ పూర్ణిమకు తెరుస్తారు. లోపలికి వెళ్లే పూజారి కూడా కళ్లకు, నోటికి గుడ్డ కట్టుకుంటాడు. లోపల మణి ఉన్న నాగరాజు ఉన్నాడనీ, ఆ వెలుగు చూస్తే కళ్లు పోతాయనీ అంటారు. నేను వెళ్లినప్పుడు తలుపులు మూసే ఉన్నాయి. భక్తులు బయటి నుంచే దండం పెట్టుకుంటారు కాబట్టి నాకు దక్కిన దర్శనం ఎవరికైనా దక్కేదే.

వాణ్ దాటి ఆడవాళ్లు వెళ్లకూడదని, తోలు వస్తువులు తీసుకుపోకూడదని పూర్వం నియమం ఉండేది. కన్నౌజ్ రాజు జసధవళ్ ఆ నియమం మీరి, నిండు చూలాలైన రాణినీ నర్తకీమణులనూ వెంట తెచ్చాడట. నాట్యం చేసిన చోట, పాతర్ నచౌణీలో, నర్తకులు రాళ్లయ్యారట. మిగిలినవారిని రూప్‌కుండ్ సరస్సు దగ్గర వడగళ్ల వానతో దేవి తుడిచిపెట్టిందట. ఆ సరస్సు గట్టున వందలాది మనుషుల ఎముకలు నిజంగానే ఉన్నాయి. 2019లో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న పరిశోధనలో 38 మంది డీఎన్ఏను పరిశీలించారు. 23 మంది దక్షిణాసియా మూలాలవారు, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలవారు, ఒకరు ఆగ్నేయాసియా మూలాలవారు అని తేలింది. రెండు పెద్ద బృందాల మరణాల మధ్య దాదాపు వెయ్యేళ్ల ఎడం ఉంది. దీదీకి ఈ సంగతి చెబితే, “అంత దూరం నుంచి కూడా నంద దర్శనానికి వచ్చారన్నమాట” అని ఆశ్చర్యపోయింది.

ఆరో రోజు: జోషీమఠ్ దారిలో

పిండర్ నది వెంట కర్ణప్రయాగకు దిగి, అలకనంద వెంట రోజంతా ప్రయాణం. ఒక మలుపు దగ్గర ధోల్, దమావ్ వాయిస్తూ ఇంటింటికీ వెళ్లి చైతీ పాడుతున్న దంపతులు కనిపించారు. చైత్రంలో గఢ్వాలీ ఊళ్లకు కొత్త నెలను వినిపించే హక్కు ఈ ఔజీలదే. ధోల్ లేనిదే అక్కడ దేవుడి పల్లకి కదలదు, పెళ్లి జరగదు. అయినా ఆ వాయించేవారిని దళితులన్న కారణంతో గుడి మెట్ల దగ్గరే నిలబెట్టిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఈ సంప్రదాయాలను ప్రేమించేవారు ముందుగా సరిచేసుకోవలసినది ఇదేనని నా అభిప్రాయం.

ఏడో రోజు: నరసింహుడి ఊళ్లు

జోషీమఠ్ గుడిలోని నరసింహుడి విగ్రహం చెయ్యి నానాటికీ సన్నబడుతోందనీ, అది విరిగిన రోజున జయ, విజయ పర్వతాలు కలిసిపోయి బదరీనాథ్ దారి మూసుకుపోతుందనీ, ఆపై స్వామి భవిష్య బదరీలో కొలువవుతాడనీ నమ్మకం. 2023 జనవరిలో ఈ పట్టణం కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చింది ఆ మాటే. దగ్గరి సలూడ్-డుంగ్రా గ్రామాల్లో వైశాఖంలో జరిగే రమ్మాణ్ ఉత్సవాన్ని యునెస్కో 2009లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరి దేవుడైన భూమ్యాళ్ దేవత ముందు కొయ్య ముఖాలు తగిలించుకుని రామకథను పాడి ఆడతారు. నరసింహుడి ముఖం ధరించే హక్కు భండారీ వంశంవారికే ఉంది. ఉత్సవం అయ్యాక భూమ్యాళ్ దేవత ఏడాది పాటు ఒక ఇంట అతిథిగా ఉంటాడు. ఆ ఇంటివారు ఏడాదంతా కట్టుదిట్టమైన నియమాలు పాటించాలి.

ఎనిమిదో రోజు: రేణీ, లాతా

తపోవన్ దాటాక రిషిగంగ ధౌళీగంగలో కలిసే చోట, చిప్కో ఉద్యమంతో పేరుపడిన రేణీ ఉంది. 1974 మార్చి 26న మగవాళ్లు భూముల నష్టపరిహారం కోసం చమోలీ వెళ్లిన సమయంలో, చెట్లు నరకడానికి వచ్చినవారిని ఆ ఊరి గౌరాదేవి వెంట వెళ్లిన ఆడవాళ్లు అడ్డుకుని చెట్లను కౌగిలించుకున్నారు. ఈ అడవి మా పుట్టిల్లు అని చెప్పారు. ఈ దారి పొడవునా వినివచ్చిన తరువాత ఆ మాట ఎంత బరువైనదో నాకు తెలిసింది. ఘుఘుతీ ఏడ్చినది, ప్యోలీ ప్రాణం విడిచినది, నంద వెనక్కి తిరిగి తిరిగి చూసుకున్నది పుట్టింటి కోసమే. దాన్ని నరకనిస్తే ఈ కొండల ఆడపిల్లకు ఇక మిగిలేది లేదు.

గౌరాదేవి పుట్టిన ఊరు లాతా అక్కడికి దగ్గరే. ఊరి పైభాగంలో నందాదేవి పాత గుడి ఉంది. 2021 ఫిబ్రవరి 7న రిషిగంగ పొంగి అక్కడి జలవిద్యుత్ కేంద్రాన్ని ఊడ్చుకుపోయిన తరువాత, రేణీవాసులను వేరే చోటికి తరలించాలన్న మాట మొదలైంది. రేణీలో గడ్డిమోపు దించి కూర్చున్న ఒకామెను వెళ్తారా అని అడిగాను. ఇళ్లు ఎక్కడైనా కట్టుకోవచ్చనీ, తమ దేవత ఊయల, గౌరాదేవి కాపాడిన అడవి ఇక్కడే ఉన్నాయనీ, వాటికి కూడా చోటు చూపించే కాగితం వచ్చాక సంతకం పెడతాననీ చెప్పింది.